‘అంతా మన మంచికే’ అని ఎవరు అనాలి?

మా నాన్నకు కీమో జరిగిన ఏడాది నేను చెన్నైలో ఒక ఆసుపత్రి వరండాలో చాలా ఉదయాలు గడిపాను. అక్కడ సగానికి సగం తెలుగే వినపడేది. నెల్లూరు, గూడూరు, చిత్తూరు, కడప, ఒంగోలు నుంచి రాత్రి బస్సుల్లోనో రైళ్ళలోనో వచ్చినవాళ్ళు. తెల్లారకముందే టోకెన్ తీసుకుని, ఫైలు ఒళ్ళో, టిఫిన్ క్యారియర్ కాళ్ళ దగ్గర పెట్టుకుని ఎదురుచూసేవారు. నాలుగైదు గంటలు పక్కపక్కన కూర్చుంటే మాటలు కలవక మానవు. కలిశాక ఎవరో ఒకరు ఆ మాట అనకా మానరు: “అంతా మన మంచికే అనుకోవాలండీ.”

ఒకరోజు ఒంగోలు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్ ఒకాయన ఈ మాట సూళ్ళూరుపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడతో అన్నాడు. ఆవిడ భర్తకు జబ్బు కాలేయానికి పాకిందని డాక్టర్లు ముందురోజే చెప్పారు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, “ఎవరి మంచికి సార్?” అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆయన పాపం మంచి మనిషి, భార్యను చూపించడానికి వచ్చినవాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఈలోగా ఆయన నంబర్ పిలిచారు.

ఆ ప్రశ్న నాతోపాటు ఇంటికి వచ్చేసింది. కష్టాలు మనిషిని ఎదిగిస్తాయని పుస్తకాలు చెబుతాయి, ప్రవచనాలు చెబుతాయి, పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వు బొమ్మ కింద కూడా అదే ఉంటుంది. అందులో నిజం ఎంత? కాస్త విడదీసి చూస్తే మూడు వేరువేరు మాటలు ఒకే ముడిలో పడి ఉన్నాయనిపించింది. జరిగేదంతా ఏదో మంచి కోసమే జరుగుతుందనేది మొదటిది. ఇది నమ్మకం, ఎవరూ రుజువు చేయలేరు, కాదనీ చెప్పలేరు. దెబ్బ తిన్న మనిషి గట్టిపడతాడనేది రెండోది. కొందరి విషయంలో అవును, మరికొందరు ఆ దెబ్బతోనే చితికిపోయారు. కష్టం గడిచాక కొందరు మారతారు, ఆ మార్పు వాళ్ళకే విలువైనదిగా తోస్తుంది అనేది మూడోది. ఇది మాత్రం నిజం, చాలామందిలో చూశారు కూడా. చిక్కేమిటంటే, ఈ మూడో నిజాన్ని పట్టుకుని మొదటి మాటను ఇంకా నొప్పిలో ఉన్నవాళ్ళ మీద రుద్దుతాం.

‘అంతా మన మంచికే’ కథ అందరికీ తెలిసిందే. రాజు గారి వేలు తెగింది. మంత్రి ‘అంతా మన మంచికే’ అన్నాడు. రాజుకు ఒళ్ళు మండి మంత్రిని చెరసాలలో పెట్టించాడు. తర్వాత వేటకు వెళ్ళి అడవి మనుషుల చేతికి చిక్కితే, వేలు లేనివాడు బలికి పనికిరాడని వాళ్ళు వదిలేశారు. మంత్రి పక్కన ఉండి ఉంటే అతన్ని బలి ఇచ్చేవాళ్ళే, కాబట్టి చెరసాల కూడా మంచికే అయింది. చిన్నప్పుడు విన్నప్పుడు మంత్రి తెలివికి ముచ్చటపడ్డాను. ఇప్పుడు నాకు వేరే సంగతి కనిపిస్తోంది. మంత్రి ఆ మాట రెండుసార్లు అన్నాడు. ఎదుటివాడి వేలు తెగినప్పుడు అన్నందుకు జైలుకు పోయాడు. తన జైలు గురించి తాను అనుకున్నప్పుడు అదే మాట అతన్ని నిలబెట్టింది. కథలో ఇంత స్పష్టంగా ఉన్నా, మనం నేర్చుకున్నది మాత్రం ఎదుటివాళ్ళ వేళ్ళ గురించి మాట్లాడటమే.

ఎందుకలా అంటామో మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లోనే పరిశీలించాడు. ఒక మనిషికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు చూపించి, చూస్తున్నవాళ్ళు ఏమనుకుంటున్నారో గమనించాడు. ఆ బాధను ఆపే దారి లేనప్పుడు, చూసేవాళ్ళు మెల్లగా బాధపడే మనిషినే తక్కువ చేసి మాట్లాడారు. లోకం న్యాయంగా నడుస్తోందని నమ్మకపోతే మనకు రేపు గడవదు. అందుకని ‘అతను ఏదో చేసే ఉంటాడు’ అనుకుంటాం. మనవాళ్ళు ‘కర్మ’ అనే మాటను వాడే తీరులో ఇదే ఉంది. ‘నా కర్మ’ అని తలకొట్టుకునేవాడికి ఆ మాట కొంచెం ఊరట. ‘నీ కర్మ’ అనేసరికి అదే మాట తిట్టయిపోతుంది. ఒక్క అక్షరమే తేడా.

సరే, ఆ మూడో మాట సంగతి చూద్దాం. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం షార్లెట్ శాఖలో పనిచేసిన రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ 1990ల మధ్యలో దీనికొక పేరు పెట్టారు. తెలుగులో ‘ఆఘాతం తర్వాతి ఎదుగుదల’ అనుకోవచ్చు. పిల్లలను పోగొట్టుకున్నవాళ్ళతో, పెద్ద ప్రమాదాల నుంచి బయటపడినవాళ్ళతో మాట్లాడి, 1996లో 21 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. మార్పు ఐదు వైపుల కనిపిస్తుందని తేల్చారు. మనుషులతో దగ్గరతనం, ‘ఇంత తట్టుకున్నాను కదా’ అనే సొంత బలం, అంతకుముందు తోచని కొత్త దారులు, చిన్న చిన్న వాటి విలువ తెలియడం, ఆధ్యాత్మికమైన మార్పు.

వాళ్ళు చెప్పిన పోలిక భూకంపం. మనలో ప్రతి ఒక్కరికీ పైకి చెప్పని కొన్ని నమ్మకాలు ఉంటాయి. మన జోలికి ఎవరూ రారు, పిల్లలు మనకంటే ముందు పోరు, మందు వేసుకుంటే జబ్బు తగ్గుతుంది, మంచిగా ఉంటే మంచే జరుగుతుంది. ఇల్లు స్తంభాల మీద నిలబడ్డట్టు మన రోజు వీటి మీద నిలబడి ఉంటుంది. పెద్ద దెబ్బ పడినప్పుడు కూలేవి ఇవే. ఎదుగుదల అంటూ ఏదైనా ఉంటే అది కూలడంలో లేదు. కూలిన చోట మళ్ళీ కట్టుకోవడంలో ఉంది. కట్టేవాడు, కట్టడానికి సాయపడేవాళ్ళు, కట్టడానికి పట్టే కాలం, ఇవన్నీ ఉండాలి. భూకంపానికి ‘నువ్వు మంచి మేస్త్రీవి’ అని ఎవరూ దండ వెయ్యరు కదా.

భూకంపం నాకు అనుభవం లేదు గానీ వరద ఉంది. 2015 డిసెంబరు మొదటి రోజుల్లో అడయారు నది పొంగినప్పుడు మా సైదాపేట ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. కింది వాటా మాది. పై వాటాలో ఉన్న తమిళ కుటుంబంతో నీళ్ళ మోటారు గురించి మాకు ఏళ్ళ తరబడి తగాదా, పలకరింపులు కూడా ఆగిపోయాయి. ఆ రాత్రి వాళ్ళే తలుపు కొట్టి మమ్మల్ని పైకి లాక్కుపోయారు. తొమ్మిది రోజులు వాళ్ళింట్లోనే ఉన్నాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఒకే గ్యాస్ సిలిండర్, రెండు భాషల్లో ఒకటే వంట. మెరీనా వైపు జాలర్లు తమ పడవలు తెచ్చి వీధుల్లో మనుషులను దాటిస్తున్నారని వింటూ అందరం కళ్ళు తుడుచుకున్నాం. ఇక జీవితంలో పోట్లాడుకోబోమని మా అమ్మా, పైవాళ్ళ పాటీ (వాళ్ళ బామ్మ) చేతులు పట్టుకుని చెప్పుకున్నారు.

మోటారు తగాదా మళ్ళీ మొదలవడానికి పది నెలలు పట్టింది.

మన పెద్దలకు ఇది ముందే తెలుసు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పారు. పురాణం వింటున్నంతసేపు, పురిటి నొప్పులు పడుతున్నంతసేపు, కట్టె కాలుతున్నంతసేపు కలిగే వైరాగ్యాలు. అప్పటికవి అబద్ధాలు కావు. మనసులోంచే వస్తాయి. కాకపోతే నిలవవు. 2009లో ప్యాట్రీషియా ఫ్రేజియర్ అనే ఆవిడ, ఆమె సహచరులు ఇదే సంగతిని లెక్కల్లో పట్టుకున్నారు. కాలేజీ విద్యార్థులను ముందే కొలిచిపెట్టుకుని, ఆ తర్వాత కొద్ది వారాల్లో ఏదైనా పెద్ద దెబ్బ తగిలినవాళ్ళను మళ్ళీ కొలిచారు. ‘నేను చాలా ఎదిగాను’ అని వాళ్ళు చెప్పినదానికీ, ముందూ వెనకా కొలతల్లో కనిపించిన తేడాకూ పెద్దగా పొంతన లేదు. ఎదిగాననుకోవడం ఒక్కోసారి ఆ బాధను మోయడానికి మనసు ఎత్తుకున్న చేతికర్ర మాత్రమే. కర్ర పట్టుకోవడం తప్పేం కాదు. కానీ దాన్ని చూపించి కాలు బాగైందంటే కుదరదు.

మరి నిజమైన మార్పును ఎలా పోల్చుకోవాలి? నాకు తోచింది చెబుతాను. మాటల్లో వెతక్కూడదు, అలవాట్లలో వెతకాలి. మా వరద సంగతే తీసుకుంటే, తగాదా తిరిగొచ్చింది గానీ ఒకటి మిగిలింది. ఆ ఏడాది నుంచి వాళ్ళింటి తాళంచెవి మా గోడకు, మాది వాళ్ళ గోడకు వేలాడుతోంది. మోటారు గురించి అరుచుకున్న రోజున కూడా ఎవరూ తాళంచెవి వెనక్కి అడగలేదు. ఎదుగుదల ఇంత చిన్నగానూ ఉంటుంది.

శ్మశాన వైరాగ్యం అంటే నాకు గుర్తొచ్చేది బెసంట్ నగర్. మా వాళ్ళు చాలామందిని అక్కడి శ్మశానానికే సాగనంపాం. ఆ పేటకు పేరిచ్చిన అనీ బెసంట్ పెంచిన ఒక తెలుగు కుర్రాడి కథలో, ఈ మొత్తం విషయం నేను చదివిన ఏ సిద్ధాంతంలోకన్నా బాగా కనపడుతుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. పదేళ్ళకే తల్లి పోయింది. 1909లో తండ్రి దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరి పిల్లలతో అడయారు వచ్చాడు. అక్కడి పెద్దలు ఈ కుర్రాడే రాబోయే జగద్గురువని ప్రకటించి, అతన్నీ తమ్ముడు నిత్యానందాన్నీ తీసుకుని పెంచారు. ఇంగ్లండు పంపారు. పిల్లల కోసం తండ్రి మద్రాసు హైకోర్టుకెక్కాడు. ఆ పెంపకంలో పెద్దవాడు మాతృభాష కూడా మర్చిపోయాడు. సొంతం అనుకోవడానికి మిగిలింది తమ్ముడొక్కడే.

నిత్యకు క్షయ పట్టుకుంది. 1925 చివర్లో అతన్ని కాలిఫోర్నియాలో వదిలి, కృష్ణమూర్తి అడయారులో జరిగే సమాజ స్వర్ణోత్సవాల కోసం ఓడ ఎక్కాల్సి వచ్చింది. తమ్ముడి ప్రాణానికి ఢోకా లేదని పైనుంచి అభయం దొరికిందని అతను గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం మీదే బయలుదేరాడు. ఓడ సూయజ్ కాలువ దగ్గర ఉండగా తంతి వచ్చింది. నిత్య లేడు. వయసు 27. ఆ ఓడలో కృష్ణమూర్తి గదిలోనే ప్రయాణించిన శివరావు తర్వాత చెప్పిన ఒక సంగతి చదివి నేను పుస్తకం మూసేశాను. రాత్రుళ్ళు కృష్ణమూర్తి నిద్రలో వెక్కి వెక్కి ఏడుస్తూ నిత్యను పిలిచేవాడట, ఒక్కోసారి తెలుగులో. మెలకువలో ఒక్క ముక్క రాని తెలుగులో.

ఓడ కొలంబో చేరేసరికి అతను కుదుటపడ్డాడనీ, మొహం ప్రశాంతంగా ఉందనీ చూసినవాళ్ళు రాశారు. చాలామంది ఈ కథను ఇక్కడే ఆపేసి ‘చూశారా, దుఃఖం ఎంత ఎదిగించిందో’ అంటారు. నాకు మాత్రం అసలు సంగతి ఆ తర్వాత నడిచిందనిపిస్తుంది. కుదుటపడటం శ్మశాన వైరాగ్యం కూడా కావచ్చుగా? నిజంగా ఏం మారిందో నాలుగేళ్ళకు గానీ బయటపడలేదు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా కొలవడానికి పెట్టిన సంఘాన్ని, వేల మంది సభ్యుల ఎదురుగా అతనే రద్దు చేశాడు. విరాళంగా వచ్చిన ఆస్తులు తిరిగి ఇచ్చేశారు. తమ్ముడి చావు ఒక్కటే దీనికి కారణమనడం తేలిక మాటే అవుతుంది. కానీ ఎవరో ఇచ్చిన అభయం మీద బతకడం ఓడలోనే విరిగిపోయిందని ఆ తర్వాత 60 ఏళ్ళు అతను మాట్లాడిన తీరులో తెలుస్తుంది.

టెడెస్కీ వాళ్ళ 21 ప్రశ్నల్లో ఆధ్యాత్మికతకు సంబంధించినవి రెండే. వాటిలో ఒకటి, నా మత విశ్వాసం బలపడిందా అని అడుగుతుంది. ఓడ దిగిన కృష్ణమూర్తి దానికి ఏమని టిక్కు పెట్టేవాడు? అతని నమ్మకం కూలింది. ఎదుగుదల జరిగింది కూడా ఆ కూలిన చోటనే. భక్తి పెరగడమే ఆధ్యాత్మిక ఎదుగుదల అనుకుంటే ఇలాంటి మనిషి లెక్కకే రాడు. కష్టం తర్వాత గుడికి వెళ్ళడం మానేసినవాళ్ళను చూసి మనం కంగారుపడతాం. నిన్నటిదాకా తిరుమల కాలిబాటన ఎక్కిన మా మావయ్య, కూతురు పోయాక మూడేళ్ళు దీపం పెట్టలేదు. ఆయన దేవుడికి దూరమయ్యాడని అందరూ అన్నారు. ఆ మూడేళ్ళలో దేవుడి గురించి ఆయన ఆలోచించినంతగా మాలో ఎవరమూ ఆలోచించలేదు.

నిజానికి మన సాహిత్యం ఈ విషయంలో మనకంటే ధైర్యంగా ఉంది. పోతన గజేంద్రుడు ‘రావే ఈశ్వర’ అని శరణు వేడటం అందరికీ కంఠస్థం. దానికి కొన్ని పద్యాల ముందే అతను, అన్ని దిక్కులా ఉన్నాడంటారే ఆ ఉన్నాడనేవాడు ‘కలడో లేడో’ అని అనుమానపడ్డాడు. మొసలి కాలు పట్టుకుని ఉండగా, బలం అంతా తగ్గిపోతుండగా వచ్చిన అనుమానం. పోతన దాన్ని తీసేయలేదు, గజేంద్రుడి చేత చెంపలు వేయించలేదు. ఇక గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గాడని చెప్పే రామదాసు అయితే రాముడిని నిలదీసి, చేయించిన నగలకు ఖర్చుల చిట్టా చదివి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని తిట్టిపోశాడు. ఆ తర్వాత, దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా, ఏమీ అనుకోకు అన్నాడు. భజనల్లో ఈ కీర్తన పాడుకుంటాం. ఇంట్లో ఎవరైనా అదే పని చేస్తే మాత్రం ‘తప్పు, కళ్ళు పోతాయి’ అంటాం.

భగవద్గీతలో మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. విషాదాన్నీ యోగంగా లెక్కపెట్టారని ప్రవచనకారులు చెబుతుంటారు, బాగుంటుంది. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది రెండో అధ్యాయం మొదటి పది శ్లోకాల్లో జరిగిన వ్యవహారం. కృష్ణుడు మొదట చేసింది మన ఇళ్ళల్లో పెద్దలు చేసేదే. ఈ పిరికితనం నీకు తగదు, లే అని రెండు శ్లోకాల్లో గద్దించాడు. అర్జునుడు లేవలేదు. తన బాధంతా మళ్ళీ చెప్పుకుని, నాకేమీ తోచడం లేదు, శిష్యుణ్ణి, నువ్వే చెప్పు అని అడిగి, అయినా యుద్ధం చెయ్యనంటూ మౌనంగా కూర్చున్నాడు. అప్పుడు మొదలైంది గీత. అడిగాక మొదలైంది. పద్దెనిమిదో అధ్యాయంలో అంతా చెప్పేశాక కూడా, ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. వరండాలో ఎవరూ అడక్కుండానే గీత చెప్పేవాళ్ళకు ఈ వరుస గుర్తుంటే బాగుండేది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. అన్ని కష్టాలూ ఎదగడానికి పనికొచ్చేవి కావు. చావు, జబ్బు, వరద మన చేతిలో లేనివి. భర్త కొడుతుంటే, అత్తింటివాళ్ళు కట్నం కోసం పీడిస్తుంటే, ఆఫీసులో పై అధికారి రోజూ అవమానిస్తుంటే అది ఓర్పు నేర్పే పాఠం కాదు, ఆపాల్సిన తప్పు. ‘సహనం నేర్చుకో తల్లీ, భగవంతుడు పరీక్షిస్తున్నాడు’ అన్న మాట మన ఆడపిల్లలను ఎన్ని ఇళ్ళల్లో కట్టిపడేసిందో లెక్కలేదు. అలాంటి చోట ఆధ్యాత్మికంగా ఎదగడం అంటే బ్యాగు సర్దుకుని బయటికి రావడమే కావచ్చు. గోరుచుట్టు మీద రోకలిపోటులా దెబ్బ మీద దెబ్బ పడుతున్నవాళ్ళ సంగతీ అంతే. అప్పులవాడు గుమ్మంలో నిలబడి ఉండగా అంతర్మథనం చేసుకునే తీరిక ఎవరికుంటుంది?

ఇంకో పక్క, ఏ పెద్ద మార్పూ రాకుండా మామూలుగా తేరుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజానికి వీళ్ళే ఎక్కువని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బొనానో ఏళ్ళ తరబడి చూపించాడు. వాళ్ళ స్తంభాలు కూలలేదు, కాబట్టి కొత్తవి కట్టుకునే పని పడలేదు. ‘అంత జరిగినా నాలో మార్పేమీ రాలేదేంటి’ అని వాళ్ళు తప్పు చేసినట్టు బాధపడనక్కర్లేదు. కష్టాలు మనుషులకు కాక మానులకు వస్తాయా అంటారు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి సాధించి చూపించాలని మాత్రం ఆ సామెతలో లేదు.

మళ్ళీ కట్టుకునే పని లోపల ఎలా సాగుతుందో చెప్పడానికి తెలుగులో మంచి మాట ఉంది, నెమరు. జరిగినదాన్ని మనసు నెమరువేస్తుంది. మొదట్లో అది మన ప్రమేయం లేకుండా జరుగుతుంది. రాత్రి రెండింటికి ఆసుపత్రి వాసన, ఆఖరి ఫోన్ కాల్, ‘ఆ రోజు ఇంకో డాక్టరుకు చూపించి ఉంటే’ అన్న మాట గిర్రున తిరుగుతాయి. కాలం గడిచేకొద్దీ, తోడు దొరికేకొద్దీ, రెండో రకం నెమరు మొదలవుతుంది. కూర్చుని, కావాలని, ఇదేమిటి, ఇక నేనెలా బతకాలి అని ఆలోచించడం. టెడెస్కీ, కల్హూన్ చెప్పే ఎదుగుదల ఈ రెండోదానితో ముడిపడి ఉంది. మొదటిది తప్పు కాదు, దాటాల్సిన వాగు. దాన్ని ఆపేయమని, మర్చిపొమ్మని తొందరపెడితే రెండోది మొదలే కాదు.

రాయడం దీనికి పనికొస్తుందని జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో చూపించాడు. విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమకు జరిగిన అతి పెద్ద బాధ గురించి రాయమన్నాడు. రాసిన రోజున వాళ్ళకు బాధ ఎక్కువే అయింది. తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. ఎవరికి ఎక్కువ మేలు జరిగిందో చూస్తే, రోజురోజుకూ వాళ్ళ రాతల్లో ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరుగుతూ వచ్చాయట. మొదటి రోజే అంతా అర్థమైనట్టు రాసినవాళ్ళకు కాదు, నెమ్మదిగా అర్థం చేసుకుంటూ పోయినవాళ్ళకు. ఇంట్లో చదువు రాని పెద్దవాళ్ళు ఉంటే ఈ పని చెవి చేస్తుంది. అదే కథ ఆరోసారి చెప్పినా ‘చెప్పావుగా’ అనకుండా వినే చెవి. ఏడాది దాటినా నిద్రా తిండీ కుదరకపోయినా, బతకాలనే లేకపోయినా అది నెమరు దాటిపోయిన సంగతి. వైద్యం కావాలి. బతకాలని లేదన్న మాట వినపడితే ఏడాది దాకా చూడకండి, అప్పుడే కదలాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనూ మాట్లాడతారు. దీనికి సిగ్గుపడేవాళ్ళు బీపీ మాత్రకూ సిగ్గుపడాలి.

కాలం గురించి ఇంకో అడయారు కథ. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు 1920ల్లో క్యాన్సర్‌తో పోయింది. అప్పట్లో ఆ జబ్బుకు మద్రాసులో ప్రత్యేకంగా ఆసుపత్రంటూ లేదు. ముత్తులక్ష్మి లండన్ వెళ్ళి క్యాన్సర్ వైద్యం చూసి వచ్చింది. 1927లో మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టింది. అవ్వై హోమ్ పెట్టి ఆడపిల్లలకు నీడ చూపింది. చెల్లెలి పేరుతో పడ్డ బాకీ మాత్రం అలాగే ఉంది. అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరిచింది 1954లో. అప్పటికి ఆవిడ వయసు 67. చెల్లెలు పోయిన నెలలో ఎవరైనా వచ్చి ‘ఇదంతా ఒక మంచి కోసమేనమ్మా’ అని ఉంటే ఆవిడ ఏమనేదో ఊహించడం కష్టం కాదు. ఆ చావు మంచిది కాలేదు, ఎప్పటికీ కాదు. దాని పక్కన ముప్పై ఏళ్ళ పని వచ్చి నిలబడింది.

సూళ్ళూరుపేట ఆవిడను నేను మళ్ళీ చూశాను. మా నాన్న పోయిన రెండేళ్ళకు, ఒక స్నేహితుడి కోసం అదే ఆసుపత్రికి వెళ్తే, వరండాలో ఆవిడ కనిపించింది. భర్త ఆ వేసవిలోనే పోయాడట. మరి ఇక్కడెందుకని అడిగాను. ఊళ్ళో ఎవరికి ఇలాంటి జబ్బని తెలిసినా ఆవిడను అడుగుతున్నారట. తెల్లవారుజామున లోకల్ ఎక్కించి, సెంట్రల్ పక్కన దింపి, బస్సు మార్పించి, ఏ కౌంటర్‌లో ఏ కాగితం ఇవ్వాలో, స్కానింగ్‌కు ఖాళీ కడుపుతో రావాలని ఎవరూ చెప్పరనీ, కింద ఏ కొట్లో ఇడ్లీ బాగుంటుందో అన్నీ చూపిస్తోందట. తమిళం కూడా పట్టేసింది. మొదటిసారి చూసినప్పుడు ఆవిడ బాత్రూమ్ ఎటో అడగడానికి కూడా భర్త వైపు చూసేది.

“చాలా ధైర్యం వచ్చిందమ్మా మీకు” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను, టీచర్ గారి మాటకు నా మాటకు ఏం తేడా ఉందని.

ఆవిడ నవ్వింది. “వచ్చింది నాయనా, ఎందుకు రాదు. ఆయన్ని నాకు ఇచ్చేస్తానంటే ఈ ధైర్యం మొత్తం ఇప్పుడే, ఇక్కడే తిరిగిచ్చేస్తా” అని, పక్కనున్న కోవూరు దంపతుల చేతిలోంచి ఫైలు తీసుకుని, “రాండి, మన నంబర్ పిలుస్తా ఉండారు” అంటూ లేచింది.